ఔషధపు అలమరకు రంగుల సింగారమా?

ఇల్లు అందముగా ఉండవలెనను కోరిక తప్పు కాదు. శుభ్రత, అందము ఉన్న ఇంటిలో మనస్సు ప్రసన్నముగా ఉండును. మనస్సు ప్రసన్నముగా ఉన్నప్పుడే జఠరాగ్ని చక్కగా పనిచేయును. కావున గృహాలంకరణను వైద్యుడు నిరసింప నక్కరలేదు. అయితే ఏ అలంకారమునకైనను ఒక చోటు, ఒక హద్దు కలవు. ఆ హద్దును గూర్చియే ఈ నాలుగు మాటలు.

ఇటీవల మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో ఒక క్రొత్త వేడుక ప్రబలుచున్నది. సాదా ఇనుప ర్యాకులకు, చెక్క అలమరలకు, వంటింటిలోని బండల అరలకు స్ప్రే డబ్బాతో రంగు కొట్టి బంగారు వన్నె, వెండి వన్నె, నీలి వన్నె తెప్పించుచున్నారు. సెల్‌ఫోనులో వీడియో చూచుట, దుకాణములో డబ్బా కొనుట, ఒక ఆదివారము మధ్యాహ్నము పని ముగించుట. ఖర్చు స్వల్పము, ఫలితము కంటికి ఇంపు. సాయంత్రమునకే సామాను మరల అరలకెక్కుచున్నది.

ఎక్కుచున్న ఆ సామాను ఏమిటి? శొంఠి, వాము, కరక్కాయ, పసుపు, బెల్లము, నేయి, తేనె, ఊరగాయ జాడీలు, పసిపిల్లల పాలపొడి. మనలో చాలమంది ఇండ్లలో వంటింటి అరయే ఔషధశాల కూడ. నా అభిప్రాయమును ముందుగానే చెప్పెదను: చూచుటకు ఉంచిన వస్తువునకు రంగు వేయుడు, తినెడి పదార్థము, మందు ఉండెడి చోట వేయకుడు.

శాస్త్రము చెప్పిన అర

ఔషధములను భద్రపరచు విధానమును మన ఆచార్యులు చిన్న విషయముగా ఎంచలేదు. సుశ్రుతాచార్యుడు సూత్రస్థానములో భేషజాగారమును వర్ణించుచు, మందులను గుడ్డలలోను, మట్టి పాత్రలలోను, చెక్క పలకలపైనను, గోడకు కొట్టిన మేకులకును ఉంచవలెనని చెప్పినాడు. ఆ 'ఫలకము' అనునదే నేటి మన అర. చరకాచార్యుడు కల్పస్థానారంభములో మరికొంత వివరించినాడు: ఔషధ గృహమునకు తూర్పున గాని ఉత్తరమున గాని ద్వారముండవలెను, నిప్పు, నీరు, చెమ్మ, పొగ, దుమ్ము, ఎలుకలు, పశువులు సోకరాదు, మూతలు గట్టిగా పెట్టి ఉట్టిలో వ్రేలాడదీయవలెను.

ఇందులో పొగ, దుమ్ము అను రెండు మాటలను గమనింపుడు. ఎండిన మూలిక చుట్టునున్న వాసనను పీల్చుకొనును. నేయి, నూనె, బెల్లము అంతకంటెను త్వరగా పీల్చుకొనును. మందును పరీక్షించుటకు వర్ణము, గంధము, రసము మనకు ముఖ్య సాధనములు. గంధము మారిన మందును నమ్మి వాడుట ఎట్లు? సరిగా దాచినను చూర్ణమునకు రెండు నెలలు దాటిన వీర్యము తగ్గునని, పచ్చి మూలికకు ఒక సంవత్సరమే గడువని శార్ఙ్గధరుడు చెప్పినాడు. సహజముగానే ఇంత స్వల్పాయువు గల వస్తువును ఘాటైన రంగు వాసన నడుమ పెట్టుట న్యాయమా?

డబ్బాలో ఉన్నదేమి?

నొక్కిన రంగు చిమ్మెడి డబ్బాను 1949లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున ఎడ్వర్డ్ సీమోర్ అను రంగుల వ్యాపారి రూపొందించెను. అందులో నాలుగు విధముల పదార్థములుండును. రంగునిచ్చు పొడి, దానిని అంటిపెట్టు జిగురు, ఆ రెంటిని పలుచన చేయు ద్రావకము, అన్నింటిని బయటకు నెట్టు వాయువు. ద్రావకములుగా అసిటోను, టోలీను, జైలీను వంటివి వాడుదురు. నెట్టు వాయువు సాధారణముగా ప్రోపేను, బ్యూటేను, అనగా మన వంట గ్యాసు జాతివే. మూత నొక్కినప్పుడు వెలువడు దానిలో పెద్ద భాగము అరపై నిలుచునది కాదు, గాలిలో కలియునది.

ఆ తుంపర మిక్కిలి సూక్ష్మము. కిటికీలు మూసిన గదిలో అది చాలసేపు తేలుచుండును. తలనొప్పి, కన్నుల మంట, గొంతు గరగర, వాంతి వచ్చునట్లుండుట, తల తిరుగుట దీని తొలి లక్షణములు. ఉబ్బసము గలవారికి ఆయాసము రేగును. మా ప్రాంతమున ఎండ 45 డిగ్రీలు దాటుట క్రొత్త కాదు. అట్టి వేడిలో, సరిగా ఆరని పూతనుండి వాసన మరింత త్వరగా లేచును. చల్‌గల్ మార్కెట్టుకు మామిడి దిగి, ఇంటింట ఆవకాయ కలిపి జాడీలు సర్దెడి దినములు కూడ అవియే.

నేను చూచిన ఒక సంగతి చెప్పెదను. మధ్యతరగతి కుటుంబమునకు చెందిన ఒక పెద్దమ్మగారు నేనిచ్చిన చూర్ణమును తిరిగి తెచ్చి, "అయ్యగారూ, ఇది మురిగినది, గుటక పడుట లేదు" అన్నారు. మూత తీసి వాసన చూచితిని. అది మురుగు వాసన కాదు, రంగు వాసన. విచారింపగా, వారి మనుమడు సెలవులలో వంటింటి ఇనుప ర్యాకునకు స్ప్రే కొట్టినాడనియు, మరునాడే కాగితపు పొట్లములన్నియు అందులో సర్దినారనియు తెలిసినది. రాత్రులందు దగ్గుచున్న నాలుగేండ్ల పిల్ల ఆ గదిలోనే పండుకొనుచున్నది. ర్యాకును బయట పందిరి క్రింద పెట్టించి, గదికి గాలి వెలుతురు వచ్చునట్లు చేయించితిని. పది దినములలో పిల్ల దగ్గు తగ్గినది. ఆ దగ్గునకు అదియొక్కటే కారణమని నేను శపథము చేయలేను. కాని మందు మార్చక ముందే తగ్గుట మాత్రము నిజము. పాడైన చూర్ణమును పారవేయించితిని.

అన్నిటికంటె భయంకరమైనది సీసము

వాసన కొన్నాళ్ళకు పోవును. సీసము పోదు. పసుపు, నారింజ, ఎరుపు వన్నెలకై రంగులలో సీసపు లవణములు కలుపుట చిరకాలపు వాడుక. సీసము పిల్లల మెదడును, పెద్దల మూత్రపిండములను, రక్తపోటును చెరచును. మ్రింగిన సీసములో పిల్లల శరీరము పెద్దలకన్న నాలుగైదు రెట్లు అధికముగా గ్రహించును. రక్తములో ఇంతవరకు క్షేమమని చెప్పదగిన పరిమాణమేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది.

మన ప్రభుత్వము 2016లో నియమములు ప్రకటించి, 2017 నవంబరు 1 నుండి గృహోపయోగ, అలంకరణ రంగులలో సీసము పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని నిర్ణయించినది. ఇది మంచి నియమము. కాని రెండు విషయములు మరువరాదు. ఒకటి, ఇది ఇంటి రంగులకు చెందినది. వాహనములకును యంత్రములకును ఉద్దేశించిన డబ్బాను ఇంటిలోనికి తెచ్చినప్పుడు ఆ రక్షణ ఉన్నదని భావింపరాదు. రెండు, 2017కు ముందు పూసిన పాత పొరలు మన అలమరలపై ఇంకను ఉన్నవి. క్రొత్త రంగు నిలుచుటకు ఆ పొరను ఉప్పుకాగితముతో పొడిగా రుద్దినప్పుడు లేచు ధూళియే అసలు విషము. అది నేలపై పడును, ప్రాకెడి శిశువు చేతికంటును, చేయి నోటికి పోవును.

"మీ ఆయుర్వేదములో సీసము లేదా? నాగభస్మము మాట ఏమి?" అని కొందరు అడుగుదురు. అడుగదగినదే. శుద్ధి చేయని నాగము రోగకారకమని మన రసశాస్త్రమే ఘోషించినది. 2004లో ప్రచురితమైన ఒక పరిశీలనలో అమెరికాలోని బోస్టను ప్రాంతపు దుకాణములలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షింపగా, 14 లో సీసము, పాదరసము, ఆర్సెనికము అను వానిలో ఒకటో అంతకంటె ఎక్కువో అధికముగా కనిపించినవి. మన వృత్తికి అది తలవంపు. కావున రంగు డబ్బాను ప్రశ్నించు గృహిణి మందు డబ్బాను కూడ అదే విధముగా ప్రశ్నింపవలెను. లోహభస్మములను వైద్యుని పర్యవేక్షణ లేక ఎవరును వాడరాదు. పిల్లలకు ఇంటిలో తామే పెట్టుట అసలే కూడదు.

సింగారము మనకు క్రొత్త కాదు

నేను రంగులకు విరోధిని కాను. గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న నిర్మల బొమ్మలను పొనికి చెక్కతో చేసి రంగులద్దుట జగద్విదితము. ఏటికొప్పాకలో లక్కకు మొక్కల రంగులు కలిపి బొమ్మలు, కుంకుమ భరిణెలు చేయుచున్నారు. మా పల్లెలలో పండుగకు గోడకు సున్నము, అంచునకు జాజు, గడపకు పసుపు. సున్నము గోడకు తెల్లదనమే కాక, క్షారగుణము చేత బూజును నిలువనీయదు. పెద్దలు ఏ రంగు ఎక్కడ వేయవలెనో తెలిసి వేసిరి. గోడకు జాజు పూసిన చేతులే పచ్చడి జాడీ పెట్టు పలకను కడిగి ఆరబెట్టి ఊరకుండెడివి.

వంటింటి అర అందముగా ఉండవలెనన్నచో ఉపాయములు లేకపోలేదు. షాబాదు బండ గాని, కడప బండ గాని ఉన్నచో దానికి రంగెందులకు? తోమి కడిగిన చాలు, నిగనిగలాడును. చెక్క అరకు వంటకు వాడు అవిసె నూనెను పలుచగా రుద్ది, మిగులు తుడిచి, కొన్ని వారములు గాలికి ఆరనిచ్చిన చెక్క సహజవర్ణము తేరును. రంగుల దుకాణములో 'కాచిన' దని అమ్మెడి అవిసె నూనెలో త్వరగా ఆరుటకు లోహపు లవణములు కలుపుదురు కనుక అది తగదు. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండజుట్టి పడవేయరాదు, వానియంతట అవియే నిప్పంటుకొనును. నీటిలో తడిపి, పరచి ఆరవేసి పారవేయవలెను. ఇనుప ర్యాకు త్రుప్పు పట్టుచున్నచో, ద్రావకములు లేక పొడి రంగును కొలిమిలో కాల్చి అంటించు పౌడర్ కోటింగ్ చేయించుట మేలు.

అరపై కొందరు వార్తాపత్రికలు పరచెదరు. అచ్చు సిరా ఆహారమునకు తగులుట హానికరమని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ హెచ్చరించియున్నది. దానికి బదులు ఉతికిన నూలుగుడ్డ పరచుడు. సిరిసిల్ల నేతపనివారు మనకు ఇరుగుపొరుగువారు. అంచు కుట్టిన రెండు గజముల నూలుగుడ్డ అరకు తొడిగిన, ఏ బంగారు రంగునకు తీసిపోని అందము వచ్చును, మాసిన ఉతుకవచ్చును. సుశ్రుతుడు చెప్పిన గుడ్డయు అదియే.

"ఎండిన తరువాత దోషమేమి?" అని కొందరందురు. చేతికి అంటకుండుట వేరు, లోపలి వరకు ఆరుట వేరు. సీసా మూత గట్టిగా ఉన్నచో, పూత పూర్తిగా ఆరినచో అపాయము తగ్గును, నిజమే. కాని వంటింటిలో మూతలు ఎంత గట్టిగా ఉండునో తల్లులకు నేను చెప్పనక్కరలేదు. వేడి, నూనె, గరిట రాపిడి వలన పెచ్చులూడుట కూడ అక్కడనే అధికము.

వేయకతప్పదనువారు పాటింపవలసినవి

పుస్తకముల అరకు, చెప్పుల స్టాండునకు, పూలకుండీల బల్లకు స్ప్రే వాడదలచినచో ఈ క్రింది జాగ్రత్తలు తీసికొనుడు.

1. డబ్బాపై సీసము 90 పీపీఎం మించదని వ్రాసి ఉన్నదే కొనుడు.

2. పని ఆరుబయట చేయుడు. ఇంటిలోపల, మెట్లక్రింద, మూసిన వరండాలో చేయరాదు.

3. పొయ్యి, దీపము, అగరువత్తి, బీడీ దరిదాపుల ఉండరాదు. ఆ వాయువు నిప్పంటుకొనును. డబ్బాను ఎండలోను, నిలిపిన కారులోను ఉంచరాదు. ఖాళీదైనను మంటలో వేయరాదు.

4. ముక్కునకు చేరుమాలు కట్టుకొనుట చాలదు. గుడ్డ తుంపరను కొంత ఆపును గాని ద్రావకపు ఆవిరిని ఆపదు. అందుకై బొగ్గు వడపోత గల ముసుగు వేరుగా కలదు.

5. పాత రంగును పొడిగా గీకరాదు. తడిపి, తడిగానే తుడిచి, ఆ గుడ్డను పారవేయుడు. పాత పొర సంగతి తెలియనిచో కదల్పకుండుటయే ఉత్తమము.

6. గర్భిణులు, పిల్లలు, ఉబ్బసరోగులు దరి చేరరాదు.

7. వాసన పూర్తిగా పోవు వరకు, కనీసము ఒక వారము, వస్తువును బయటనే ఉంచి పిమ్మట వాడుడు.

ప్రమాదము జరిగినచో

తల తిరిగిన వెంటనే స్వచ్ఛమైన గాలిలోనికి తీసికొనిపొండు. కంటిలో పడినచో శుభ్రమైన నీటి ధారతో 15 నిమిషములు కడుగుడు. ఆముదము, తేనె, చనుబాలు వేయరాదు. పిల్లలు ద్రావకమును మ్రింగినచో వాంతి చేయింపకుడు. వాంతిలో అది ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము కలిగించును. కషాయములతో కాలము వృథా చేయక ఆసుపత్రికి చేర్పుడు. పాత రంగు పెచ్చులు పిల్లవాడు నోట పెట్టుకొనుట చూచినచో రక్తములో సీసపు పరీక్ష చేయింపుడు. ఇది ఇంటివైద్యముతో తేలునది కాదు. ఆయుర్వేద వైద్యుడనై ఇట్లు చెప్పుటకు నేను సంకోచింపను; రోగి క్షేమమే వైద్యుని ధర్మము.

ఇంటి అందమునకు ముందు గది చాలును, గోడలు చాలును. మందు, అన్నము ఉండు చోటునకు శుభ్రతయే సింగారము. ఈ దసరాకు ఇల్లు సర్దునప్పుడు ఆ ఒక్క అరకు మాత్రము రంగు వేయక, కడిగి, ఎండనిచ్చి, గుడ్డ పరచి చూడుడు. మూత తీసిన శొంఠి శొంఠి వాసనయే వేసినచో ఆ అర చక్కగా ఉన్నట్లు.