శాన్ ఆండ్రియాస్‌లో మాకు పట్టింది వాన కాదు

జీటీఏ శాన్ ఆండ్రియాస్‌ను 2021లో డెఫినిటివ్ ఎడిషన్ పేరుతో మళ్ళీ తెచ్చినప్పుడు ఆడేవాళ్ళు బాగా తిట్టినారు. మొహాలు మైనం బొమ్మల మాదిరి ఉన్నాయని, వానొస్తే దారే కనపడదని. నిజమే, రాక్‌స్టార్ కంపెనీనే క్షమాపణ చెప్పింది. (మన గుమ్మఘట్టలో అట్లాంటి వాన పడితే ఎవరూ తిట్టరు, అది వేరే సంగతి.)

మాకు 2004 ఆటలో పట్టింది బొమ్మలు కాదు. అమ్మ చనిపోయిందని ఊరికొచ్చిన సీజేను పోలీసు టెన్‌పెన్నీ దారిలోనే ఆపి, చేయని హత్య మెడకు చుడతానంటాడు. 1871లో మొదలైన నేరస్త తెగల చట్టం మన ఎరుకల, లంబాడీ తాతలకు చేసిందీ అదే. పుట్టుకే నేరమన్నది. 1952లో గానీ రద్దు కాలేదు. కొత్తదాంట్లో ఆ సీను అట్లే ఉంది. గ్రాఫిక్స్ గొడవ తర్వాత, ముందు ఆ మొదటి సీను ఇంకోసారి చూడండి.