బంధకం మీద నడిచే విద్యుత్తు



పింగాణీ, బేకలైట్, ఎండిన కర్ర విద్యుత్ బంధకాలని, వాటిగుండా విద్యుత్తు ప్రవహించదని హైస్కూల్లోనే చదువుకున్నాం. పరీక్షలో రాసి మార్కులూ తెచ్చుకున్నాం. అయితే అది సగం నిజమేనని మా అభిప్రాయం. లోపలి నుంచి పోలేని విద్యుత్తు పైనుంచి పోగలదు. ఇంట్లో మొదటి డిగ్రీ పట్టా తెచ్చుకుని పీజీ చదువుతున్న మాలాంటివాళ్ళం ఈ మాట తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

1777లో జర్మనీలోని గోటింగెన్‌లో ఆచార్యుడు లిక్టెన్‌బర్గ్ ఒక వింత చూశాడు. విద్యుత్ ఉత్సర్గం జరిగిన రెసిన్ పలక మీద దుమ్ము నక్షత్రాల్లా, చెట్టు కొమ్మల్లా పేరుకుంది. అవి ఉపరితలం మీద విద్యుత్తు నడిచిన అడుగుజాడలు. ఆవేశం ఉన్నచోటే పొడి అంటుకుంటుందన్న ఈ సూత్రంతోనే 1938లో అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ జిరాక్స్‌కు పునాది వేశాడు. సీనియర్ల నోట్సు మనకు అందించేది ఆ జిరాక్సే.

రెండు లోహపు పలకల మధ్య పొడి గాలి సెంటీమీటరుకు సుమారు 30 వేల వోల్టుల వరకు తట్టుకుంటుంది. అది దాటితే ఎలక్ట్రాన్లు గాలి అణువులను ఢీకొని కొత్త ఎలక్ట్రాన్లను విడదీస్తాయి. ఒకటి రెండై, రెండు నాలుగై మెరుపు పుడుతుంది. మధ్యలో బంధకం పెడితే ఇంకా ఎక్కువ తట్టుకోవాలి కదా! కానీ చాలాసార్లు తక్కువ వోల్టేజికే ఉత్సర్గం దాని ఉపరితలం వెంట పాకిపోతుంది. పైన చేరిన ఆవేశం, తేమ, మురికి దానికి దారి చూపుతాయి.

11 కేవీ స్తంభం మీది పింగాణీ ఇన్సులేటర్‌కు గొడుగుల్లాంటి అంచులు ఉండేది ఇందుకే. పాకే దారి పొడవు పెరగాలి, గొడుగు అడుగు భాగం పొడిగా ఉండాలి. 1986 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఈ దారి కాలుష్యం తక్కువున్నచోట కిలోవోల్టుకు 16 మిల్లీమీటర్లు, సముద్రపు ఉప్పు బాగా పేరుకునేచోట 31 మిల్లీమీటర్లు ఉండాలంది. జోరువాన మురికిని కడిగేస్తుంది. దుమ్ము మీద పడే మంచు, తుంపరలే ఎక్కువ ప్రమాదం.

మన గదుల్లో ఉండేది 230 వోల్టులే. అంత దూరం మెరుపు దూకదు. కానీ తడిసిన మురికి పొర గుండా కొద్దికొద్దిగా విద్యుత్తు కారుతుంది. ఆ వేడికి పొర అక్కడక్కడ ఎండి, ఆ సందుల్లో చిన్న నిప్పురవ్వలు పుడతాయి. బేకలైట్ మాడి బొగ్గు గీత పడుతుంది. బొగ్గు వాహకం! బంధకం మీదే తీగ గీసినట్టవుతుంది. పింగాణీ అలా బొగ్గవదు, బేకలైట్ అవుతుంది.

సున్నం కొట్టేటప్పుడు స్విచ్‌బోర్డు మీద కూడా కొట్టేసే హాస్టళ్ళు, కారే గోడకే బోర్డు బిగించిన హాస్టళ్ళు ఎన్ని లేవు? "అది బేకలైటే, ఏం కాదు" అన్న సమాధానం ఇక చెల్లదు. వానాకాలానికి ముందు బోర్డుల తనిఖీ ఎవరో చేసే దయ కాదు, బియ్యం, దుప్పట్లలాగే మనకు రావలసిన హక్కు. మాడిన బోర్డు మార్చాలి. గోడలోకి కారే విద్యుత్తును పసిగట్టి ఆపే 30 మిల్లీ ఆంపియర్ల బ్రేకర్ పెట్టాలి. మసి గీత, చిటపట శబ్దం, కమురు వాసన ఉంటే మనం చెయ్యి పెట్టకుండా వార్డెన్ గారికి రాసి ఇవ్వాలి, కాపీ దగ్గర ఉంచుకోవాలి.

విద్యుత్ రంగంలో పనిచేస్తున్న పూర్వ విద్యార్థి అన్నలు, అక్కలు ఏటా జూన్‌లో ఒక్క పూట హాస్టల్‌కు వచ్చి బోర్డులు చూసి వెళ్ళాలని ఈ సంచిక ద్వారా కోరుతున్నాం.