థ్రాటిల్ బాడీకి పన్నెండు వందలు కట్టే ముందు ఎయిర్ ఫిల్టర్ మూత విప్పండి

ముందే చెప్పేస్తున్నా, ఇవాళ్టి పోస్టు రొయ్య కౌంటు గురించి కాదు, దాళ్వా నీళ్ళ గురించీ కాదు. మన ఇంటి ముందు రేకుల షెడ్డులో ఉండే కారు గురించి. పొడుగు పోస్టే, తీరిగ్గా చదవండి.

పోయిన నెల మా బావ పెట్రోలు కారు సర్వీసుకి వెళ్ళొచ్చింది. బిల్లులో "థ్రాటిల్ బాడీ క్లీనింగ్" అని ఒక లైను, పన్నెండు వందలు. అంతకుముందు సర్వీసులో కూడా అదే లైను. ఎందుకు కట్టావు బావా అంటే, "మన కొల్లేరు రోడ్లన్నీ దుమ్మే కదా, థ్రాటిల్ నిండా దుమ్ము పట్టేసిందంట" అన్నాడు. చూడండి, ఈ మనిషి అర్ధరాత్రి చెరువు గట్టు మీద జనరేటర్ ఆగిపోతే సెల్‌ఫోను లైటు నోట్లో పెట్టుకుని డీజిల్ ఫిల్టర్ విప్పి, గాలి తీసి, పావుగంటలో ఏరేటర్లు తిప్పించిన మనిషి. అలాంటివాడు కారు బానెట్ ఎత్తడానికి భయపడుతున్నాడు. నా కోపం బిల్లు మీద కంటే ఆ భయం మీదే.

అసలు ఆ మాట నిజమేనా అని ఒక్కసారి ఆలోచించండి. ఇంజనుకి గాలి ఎటు నుంచి వస్తుంది? ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత రబ్బరు గొట్టం, ఆ తర్వాతే థ్రాటిల్. ఫిల్టర్ సరిగ్గా కూర్చుని ఉంటే రోడ్డు దుమ్ము థ్రాటిల్ దాకా రానే రాకూడదు. థ్రాటిల్ బాడీ బ్రహ్మపదార్థం ఏమీ కాదండి. ఒక గొట్టం, మధ్యలో ఇరుసు మీద తిరిగే గుండ్రటి రేకు. బోదెకి తూము తలుపు ఎలాగో ఇంజనుకి అది అలాగ. మనం యాక్సిలరేటర్ తొక్కితే రేకు తెరుచుకుంటుంది, వచ్చిన గాలిని బట్టి ఎంత పెట్రోలు చిమ్మాలో కంప్యూటర్ లెక్క చూసుకుంటుంది. కిలో పెట్రోలు సరిగ్గా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. లీటరు లెక్కన చూస్తే సుమారు 9,000 లీటర్ల గాలి. ఏరేటర్ అరగంట ఆగితే ఏమవుతుందో తెలిసిన రొయ్యల రైతుకి గాలి విలువ ఇంకొకడు చెప్పాలా?

మరి థ్రాటిల్‌కి పట్టే నలుపు ఎక్కడిది? ఇంజను లోపలిదే. పిస్టన్ల పక్క నుంచి కిందికి జారే పొగ, ఆయిల్ ఆవిరి కలిసి ఒక సన్న గొట్టంలోంచి మళ్ళీ గాలి దారిలోకే వస్తాయి. వెనకటి ఇంజన్లలో దాన్ని బయటికి వదిలేసేవాళ్ళు, ఇప్పుడు కాలుష్యం రూల్సు కాబట్టి ఇంజను చేతే మింగిస్తున్నారు. ఆ జిడ్డు రేకు అంచున, రేకు మూసుకునే సందులో పేరుకుంటుంది. బండి స్లోలో ఉన్నప్పుడు గాలి పోయేది ఆ వెంట్రుకంత సందులోంచే. అందుకే మసి పడితే స్లో తేడా వస్తుంది.

వేలితో తుడిచి చూస్తే తెలిసిపోతుంది. నల్లగా, జిడ్డుగా ఉంటే ఇంజను మసి, కంగారు లేదు. మట్టి రంగులో పొడిగా, గరగరలాడుతూ ఉంటే మాత్రం కంగారు పడాలి. ఫిల్టర్ని తప్పించుకుని మట్టి లోపలికి పోతోందని అర్థం. అది రింగుల్ని, బోరుని ఇసుక కాగితంలా గీకేస్తుంది. అప్పుడు థ్రాటిల్ ఒక్కటే తుడిచి పంపడం, గండి పూడ్చకుండా ఆయిల్ ఇంజను పెట్టి నీళ్ళు తోడటమే.

మొన్న ఆదివారం మా బావ కారు ఇద్దరం కలిసి విప్పాం. థ్రాటిల్ బానే ఉంది, నిజంగానే తుడిచారు. కానీ ఫిల్టర్ డబ్బా మూతకి నాలుగు క్లిప్పులుంటే ఒకటి అసలు పెట్టలేదు. మూత ఒక పక్క లేచి ఉంది. ఫిల్టర్ మడతల్లో తవుడు, ఊక. ఫిల్టర్ దాటాక గొట్టంలో సన్నటి మట్టి పొర. రెండుసార్లు డబ్బులు తీసుకున్నది దుమ్ము పేరు చెప్పి, దుమ్ము వచ్చే దారి మాత్రం తెరిచి వదిలేశారు!

డీజిల్ బళ్ళకి కూడా ఈ లైను రాస్తున్నారు, అది ఇంకో విడ్డూరం. పాత డీజిల్ ఇంజనుకి గాలిని కంట్రోల్ చేసే రేకే లేదు, మన ట్రాక్టరు లాగే డీజిల్ ఎక్కువ తక్కువలతోనే నడుస్తుంది. కొత్త రకం డీజిళ్ళలో ఒక రేకు ఉంటుంది గానీ దాని పని వేరు, పొగని తిరిగి ఇంజనుకి తిప్పడానికీ, ఇంజను ఆపేటప్పుడూ వాడతారు. కాబట్టి "ఏ భాగం తుడిచారు, చూపించండి" అని అడగండి. అడగడం మర్యాద తక్కువేం కాదు.

అలాగని థ్రాటిల్ తుడవడమే దండగ అనట్లేదు. నా బండే భీమడోలు రైల్వే గేటు దగ్గర ఏసీ వేసి నిలబెడితే వణికి ఆగిపోయేది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు ట్రాఫిక్‌లో మూడుసార్లు ఆగింది. వెనక లారీవాడి హారను, పక్కన ఇంటావిడ చూపు, రెండూ భరించాను. స్లో సరిగ్గా నిలబడకపోవడం, ఏసీ వేస్తే ఇంజను కుంగిపోవడం, ఇలాంటివి ఉంటే థ్రాటిల్ విప్పి చూడాలి. ఇవేవీ లేకుండా ప్రతి సర్వీసుకీ తుడిపించుకోవడం దేనికి?

ఇంట్లో చేసుకునే పద్ధతి చెప్తా. ఇంజను పూర్తిగా చల్లారాలి, తాళం తీసి జేబులో వేసుకోండి. చుట్టుపక్కల బీడీ, పొయ్యి ఉండకూడదు, ఆ స్ప్రే భగ్గుమంటుంది. స్క్రూడ్రైవర్‌తో క్లాంపు వదులు చేసి రబ్బరు గొట్టం పక్కకి లాగితే రేకు కనపడుతుంది. థ్రాటిల్ బాడీకని అమ్మే స్ప్రేనే కొనండి, నేను కొన్న డబ్బా నాలుగొందలు దాటలేదు. స్ప్రే గొట్టంలోకి కాదు, పాత నూలు పంచె ముక్క మీద కొట్టి, దాంతో రేకు అంచు, గొట్టం లోపల తుడవండి. గుడ్డ నల్లబడటం ఆగేదాకా అంతే. వీడియోల్లో కుర్రాళ్ళు ఇంజను రన్నింగులో పెట్టి సగం డబ్బా లోపలికి కొట్టేస్తున్నారు, అది చూసి మోసపోకండి.

ఇక్కడ నా తెలివితక్కువతనం కూడా ఒప్పుకోవాలి. మొదటిసారి కార్బొరేటర్ రోజుల అలవాటుతో పెట్రోలు, వైరు బ్రష్ పెట్టి గీకాను. కొన్ని థ్రాటిళ్ళకి లోపల పల్చటి పూత ఉంటుంది, అది గాలి సందుని బిగువుగా ఉంచడానికి. అది కాస్తా లేచిపోయింది. అప్పట్నుంచి ఆ బండి స్లో ఎక్కువగానే ఉండిపోయింది. తప్పు నాదే, ఎవర్నీ అనడానికి లేదు.

ఇప్పటి బళ్ళలో చాలావాటికి యాక్సిలరేటర్ కేబుల్ లేదు, రేకుని మోటారు తిప్పుతుంది. దాన్ని వేలితోనో స్క్రూడ్రైవర్‌తోనో బలవంతంగా నొక్కితే లోపలి ప్లాస్టిక్ పళ్ళు పోతాయి. అప్పుడు పన్నెండు వందలతో పోదు. కనిపించే మేర తుడిచి ఆపేయండి. గొట్టంలో సన్న తీగతో ఉండే గాలి కొలిచే సెన్సారు కొన్ని బళ్ళకి ఉంటుంది, దానికి ఈ స్ప్రే తగలనివ్వద్దు. తుడిచాక మొదటిసారి స్టార్టు చేస్తే కాస్త తడబడొచ్చు. ఏసీ వేయకుండా, కాలు పెట్టకుండా ఐదారు నిమిషాలు స్లోలో వదిలేస్తే చాలా బళ్ళు సర్దుకుంటాయి. కొన్నిటికి మాత్రం మెకానిక్ మిషను పెట్టి మళ్ళీ సెట్ చేయాలి. అలాంటప్పుడు ఏలూరులోనో గూడెంలోనో తెలిసిన మెకానిక్ దగ్గరకి వెళ్ళండి, చేసిన పనికి డబ్బులిద్దాం, దానికి నేను ఎప్పుడూ అడ్డు చెప్పను. వారంటీలో ఉన్న బండి అయితే అసలు ముట్టుకోకండి, వాళ్ళ చేతే చేయించి దగ్గరుండి చూడండి.

ఇంకో మాట. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక మన మోటారు సైకిళ్ళలో కూడా చాలావాటికి కార్బొరేటర్ పోయి థ్రాటిల్ బాడీయే వచ్చింది. ఈ బిల్లు లైను రేపు పొలానికి వెళ్ళే బండికీ వస్తుంది. కోతలప్పుడు మిషను వెనకాల, మేత లారీల వెనకాల తిరిగే బండ్లు మనవి. బుక్కులో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకుండా నెలకోసారి ఫిల్టర్ మూత విప్పండి, క్లిప్పులన్నీ పడ్డాయో లేదో చేత్తో తడిమి చూడండి. రెండు నిమిషాల పని.

మా బావ సోమవారం ఆ రెండు బిల్లులూ పట్టుకుని వెళ్తానంటున్నాడు. నేనూ వెళ్తున్నా, పాత ఫిల్టర్ తవుడు సంచిలో వేసుకుని. వాళ్ళేమన్నారో మంగళవారం రాస్తా.