ఒకే సన్నదునకు రెండు వెలలు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఒక విచిత్రమైన సిగ్గు ప్రబలుచున్నది. పిల్ల నర్సు చదువు చదువుదునన్నచో తల్లిదండ్రులు కొంత తర్జనభర్జన చేసి యెటులో సమాధానపడుదురు. ఆ చదువు కమ్యూనిటీ కాలేజీలో చదువుదునన్నచో మాత్రము ఇంట మాట పడిపోవును. నలుగురిలో ఏమని చెప్పుకొందుమను ప్రశ్న బయలుదేరును. ఆ ప్రశ్న అచ్చటనే ఆగదు. టెలిఫోనులో గుంటూరునకును, కరీంనగరమునకును, భీమవరమునకును వచ్చును. ఇచ్చటి తాతగారో మేనమామగారో "రెండేండ్ల కాలేజీయా? మన యింట అట్టివారు లేరే!" యని తీర్పు చెప్పుదురు. ఈ తీర్పునకు కోర్టు ఖర్చులు తాతగారు చెల్లింపరు. చెల్లించునది ఆ పిల్ల. పదేండ్లు, పదునైదేండ్లు, నెలనెలకు, వడ్డీతో.

కావున ఈ పత్రికను పఠనమందిరములలో చదువు పెద్దలతోనే మేము వాదమునకు దిగుచున్నాము.

కమ్యూనిటీ కాలేజీ యనగా స్థానిక ప్రజల పన్నులతోను, రాష్ట్ర ప్రభుత్వ ద్రవ్యముతోను నడుచు ప్రజావిద్యాలయము. రెండవ ప్రపంచ యుద్ధానంతరము నర్సుల కొఱత తీవ్రముగా నుండగా మిల్‌డ్రెడ్ మాంటాగ్ అను విదుషి 1951లో కొలంబియా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయ కళాశాలనుండి రెండేండ్ల నర్సు శిక్షణను ప్రతిపాదించినది. 1952లో కొన్ని కాలేజీలలో ఆ ప్రయోగము ఆరంభమై, నేడు దేశమంతట వేళ్లూనియున్నది. ఈ విద్యార్థినులను ఆమె నాలుగేండ్ల పట్టభద్రులకంటె వేఱైన తరగతిగా ఉద్దేశించినమాట నిజమే. కాని చట్టము ఆ భేదమును పాటింపలేదు. రెండేండ్ల పట్టము గలదియు, నాలుగేండ్ల పట్టము గలదియు కూర్చుండవలసినది ఎన్‌సీఎల్‌ఈఎక్స్ అను ఒకే పరీక్షకు. ఉత్తీర్ణులైనవారికి రాష్ట్రపు నర్సింగు బోర్డు ఇచ్చునది రిజిష్టర్డు నర్సు అను ఒకే లైసెన్సు. వకీలు వృత్తిలో నున్న మాకు ఇది వెంటనే బోధపడినది. సన్నదు ఒకటియైనపుడు ఏ లా కాలేజీలో చదివితివని న్యాయాధిపతి యడుగడు. కక్షిదారు అంతకన్న అడుగడు.

ఇక వెలలు చూతము. కాలేజి బోర్డు అను సంస్థ ప్రకటించిన 2024-25 సగటుల ప్రకారము స్థానిక విద్యార్థికి కమ్యూనిటీ కాలేజీలో సాలు ఫీజు 4,050 డాలర్లు. ప్రభుత్వ విశ్వవిద్యాలయమున ఆ రాష్ట్రవాసికి 11,610. ప్రైవేటు విశ్వవిద్యాలయమున 43,350. ఈ యంకెలను రూపాయలలోనికి మార్చి గుండెలు బాదుకొనుట మనకలవాటు, ఇచ్చట మార్చవలదు. అప్పును డాలర్లలోనే, జీతమును డాలర్లలోనే. రెండేండ్ల చదువనునది పేరునకే. శరీరశాస్త్రము, సూక్ష్మజీవిశాస్త్రము మున్నగునవి ముందుగా పూర్తిచేయవలసి యుండుటచే మూడేండ్లు పట్టుట సామాన్యము. మూడేండ్లకే లెక్కవేసినను ఫీజు 12,150 డాలర్లు. ప్రైవేటు విశ్వవిద్యాలయమున నాలుగేండ్లకు 1,73,400. విద్యార్థివేతనములిచ్చి ప్రైవేటు కాలేజీలు ఈ మొత్తమును తగ్గించుట కలదు. తగ్గింపు పొందినవారు తగ్గిన యంకెతోనే లెక్క చూచుకొందురుగాక. భోజనము, వసతి, పుస్తకములు వేఱు. ఇంటనుండి పోయివచ్చు కాలేజీలో వసతి ఖర్చు లేకపోవుట ఎంత యూరటయో బిడ్డలను హాస్టళ్లలో చదివించిన మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

జీతము మాటయో? 2024 మే నెలకు రిజిష్టర్డు నర్సుల మధ్యస్థ వార్షిక వేతనము 93,600 డాలర్లని ఆ దేశపు కార్మిక గణాంక శాఖ తెలిపినది. అనగా సగముమందికి అంతకెక్కువ, సగముమందికి అంతకు తక్కువ. క్రొత్తగా చేరినవారికి ఇంత రాదు. కాలిఫోర్నియాలో హెచ్చు, దక్షిణపు రాష్ట్రములలో తగ్గు. అయినను రోగి మంచము ప్రక్కన పనిచేయు క్రొత్త నర్సునకు పట్టభేదమువలన గలుగు జీతభేదము పెక్కు ఆసుపత్రులలో స్వల్పము. అప్పులో భేదమో? లక్ష డాలర్లు నూటికి సాలుకు ఎనిమిది వడ్డీకి, పదేండ్ల వాయిదాలకు తెచ్చినవారు నెలకు 1,213 డాలర్ల చొప్పున మొత్తము లక్షా నలుబదియైదువేలకు పైగా తీర్చవలెను. అదే వడ్డీకి పండ్రెండువేలు తెచ్చినవారికి నెలకు 146 డాలర్లు. ఇరువురు నర్సులు ఒకే వార్డులో, ఒకే రాత్రి, ఒకే రోగులకు మందులిచ్చుచుందురు. ఒకతె జీతములో ఏడవ వంతునకు మించి, పన్నులకు ముందే, ఋణదాతకు పోవుచుండును. ఆ విశ్వవిద్యాలయపు పేరును ఆ రోగులెవరును అడిగియుండరు.

అడుగువారొకరు కలరు: సంబంధములు చూచువారు. పేరున్న విశ్వవిద్యాలయము పెండ్లిచూపులలో పనికివచ్చునని మనవారి గట్టి నమ్మకము. పేరు చెప్పినపుడు అప్పును చెప్పుట మాత్రము మఱతురు. కాపురము పెట్టిన మూడవ నెలలో, ఇల్లు కొనదలచి బ్యాంకువారి యొద్దకు పోయినపుడు, అది తానే బయటపడును.

ఈ ఋణమున కింకొక గుణము గలదు. అప్పులు మీఱిపోయినవాడు మన యూళ్లలో ఐ.పి. పెట్టును. అమెరికాలోను దివాలా చట్టము గలదు. వ్యాపారము చెడిన అప్పు, క్రెడిటు కార్డు అప్పు దాని క్రింద రద్దు కావచ్చును. చదువు అప్పునకు ఆ దారి ఇంచుమించుగా మూయబడినది. 1976లో కొంత బంధించిరి; 1998లో కాలపరిమితి మినహాయింపును తీసివేసిరి; 2005లో ప్రైవేటు ఋణదాతల అప్పులకును ఆ రక్షణనే ప్రసాదించిరి. "మితిమీరిన కష్టము" అని కోర్టులో రుజువు చేసికొన్నవారికే విముక్తి. సర్కారు అప్పుల విషయమున 2022లో న్యాయశాఖ కొంత మెత్తబడినను, ప్రత్యేక వ్యాజ్యము వేయక గతిలేదు. అనగా పదునెనిమిదేండ్ల పిల్ల, ఇంకను ఒక నెల జీతమైన చేతబట్టనిది, దివాలాకోరు వర్తకుడు సైతము చేయని సాహసము చేయుచున్నది.

ఆమె నొంటరిగా చేయనిచ్చుటయు లేదు. తల్లిదండ్రులపై నాధారపడిన విద్యార్థికి కేంద్ర ప్రభుత్వమిచ్చు అప్పునకు మొత్తముమీద 31,000 డాలర్లు హద్దు. ఆపైన తల్లిదండ్రులు తమపేర తెచ్చు సర్కారు అప్పునకు 2025 నాటి చట్టము, 2026 జూలై 1 నుండి, సాలుకు 20,000, బిడ్డకు 65,000 డాలర్ల పరిమితి విధించినది. మిగిలినది ప్రైవేటు ఋణదాత. హెచ్-4 వీసాపై నున్న పిల్లలకైతే సర్కారు అప్పే లేదు. ఆరంభమునుండి ప్రైవేటు ఋణదాతయే గతి. అతడు జామీను కోరును. బాబాయిగారు మొగమాటమునకు సంతకము చేయుదురు. జామీనుదారుని ఆస్తి అసలు ఋణగ్రస్తుని యాస్తివలెనే లాగబడునని మేము కోర్టులలో ఎన్నిమార్లు చూడలేదు!

ఎదుటివారి వాదములో బలముగల దానిని దాచుట మా పద్ధతి కాదు. నాలుగేండ్ల పట్టముగల నర్సులు హెచ్చుగా నున్న ఆసుపత్రులలో శస్త్రచికిత్స పొందిన రోగుల మరణములు తక్కువగా నున్నవని లిండా ఐకెన్ ప్రభృతులు 2003లో ప్రకటించిరి. 2020 నాటికి నూటికి ఎనుబదిమంది నర్సులు ఆ పట్టము గలవారు కావలెనని 2010లో అచ్చటి వైద్యవిజ్ఞాన సంస్థ కోరినది. మహానగరములందలి కొన్ని పెద్ద ఆసుపత్రులు రెండేండ్లవారిని చేర్చుకొనుటకు వెనుదీయుచున్నవి. ఇవన్నియు యథార్థములే. కాని ఇవి నాలుగేండ్ల పట్టము కావలెననుటకు సాక్ష్యములుగాని, దానిని పదునెనిమిదవయేట, అప్పుచేసి, ఖరీదైన చోటనే కొనవలెననుటకు సాక్ష్యములు కావు. న్యూయార్కు రాష్ట్రము 2017లో చేసిన చట్టమునే చూడుడు. క్రొత్త నర్సులు ఆ పట్టమును లైసెన్సు పొందిన పదేండ్లలోపల సంపాదింపవలెనని యన్నది. ముందుగా సంపాదింపవలెనని యనలేదు. లైసెన్సు పొంది, ఉద్యోగమున చేరి, జీతము తినుచు మిగిలిన చదువు ముగింపవచ్చును. ఆ చదువునకు పెక్కు ఆసుపత్రులు సాయము చేయును. యజమాని యట్లిచ్చు సాయములో సాలుకు 5,250 డాలర్ల వఱకు పన్ను లేదు. ఉద్యోగమిచ్చినవాడు చెల్లించు ఫీజును పిల్లచేత అప్పుజేయించి ముందే చెల్లింపించుట ఏమి వివేకము?

అసలు చిక్కు వేఱొకచోట నున్నది. కమ్యూనిటీ కాలేజీలలో సీట్లు చాలవు. ఉపాధ్యాయినులు కొఱత, ఆసుపత్రులలో శిక్షణకు చోటు కొఱత. కొన్నిచోట్ల లాటరీ తీయుదురు, కొన్నిచోట్ల ఏడాదికిపైగా వేచియుండవలెను. ఈ నిరీక్షణలోనే లాభాపేక్షగల కాలేజీలు వల పన్నును. "రేపే చేరుము, అప్పు మేమిప్పింతుము" అను పలుకు వినబడినచోట తాళవలెను. కొరింథియన్ కాలేజీలు 2015లో మూతపడినవి. ఐటీటీ 2016లో మూతపడినది, అందలి నర్సు విద్యార్థులు నడుమ దిగబడిరి. కొరింథియన్‌లో చదివిన 5,60,000 మంది అప్పును, 580 కోట్ల డాలర్లను, ప్రభుత్వము 2022లో రద్దు చేయవలసి వచ్చినది. ఏడేండ్లు ఆ భారము మోసినవారి వయస్సును రద్దుచేయుట యెవరితరము? ఫ్లోరిడాలోని మూడు పాఠశాలల పేర 7,600కు పైగా దొంగ నర్సు పట్టములు అమ్ముడుపోయినవని 2023 జనవరిలో అభియోగములు వెలువడినవి. తొందర యెంతవఱకు తీసికొనిపోవునో చూచితిరా! ఒక సంవత్సరము వేచియుండుట నష్టమే, ఒక సంవత్సరపు జీతము పోవును. కాని ఆ కాలమున నర్సు సహాయకురాలిగా పనిచేయుచు, ముందు చదువవలసినవి చదువుచు నుండవచ్చును.

తాతగారు ఈసారి టెలిఫోనులో కాలేజీ పేరు అడుగుటకు మారుగా దానికి ఏసీఈఎన్ గాని సీసీఎన్ఈ గాని గుర్తింపు గలదా యని అడుగుదురుగాక; ఆ గుర్తింపు లేనిచో పైచదువునకు కొన్నిచోట్ల చేర్చుకొనకపోవచ్చును. పోయిన సాలు అచ్చటివారు నూటికెందఱు లైసెన్సు పరీక్షలో మొదటి ప్రయత్నముననే నెగ్గిరో అడుగుదురుగాక. పెక్కు రాష్ట్రముల నర్సింగు బోర్డులు ఆ యంకెలను కాలేజీవారీగా ప్రకటించుచునే యున్నవి. మనుమరాలు ఒక్క సాయంకాలములో తెలిసికొని చెప్పగలదు.