అసైన్డ్ భూమి అమ్మకం: ఎవరికి లాభం?

తాడేపల్లిగూడెం పైన మెట్ట గ్రామాల్లో డి ఫారం పట్టా కింద వచ్చిన ఎకరమో అరెకరమో తుప్పలు బలిసి కనపడితే చాలు, “దున్నుకోనూ లేడు, అమ్ముకోనూ లేడు, ఎవడికి ఉపయోగం?” అనే మాట పెద్దరైతుల అరుగుల మీద లేస్తుంది. ఆ నేల బీడెందుకు పడిందని మాత్రం ఎవరూ అడగరు. పట్టా ఇచ్చిన సర్కారు నీళ్ళివ్వలేదు. మెట్టలో బోరు వెయ్యాలంటే మాటలా? కూలికి పోతేగాని పొయ్యి వెలగనివాడు సొంత చెక్కను ఎప్పుడు బాగుచేసుకుంటాడు?

1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం ఇలాంటి భూమి అమ్మకం, కౌలు, ప్రైవేటు తాకట్టు ఏదీ చెల్లదంది. చేతులు మారిన భూమిని మొదటి పట్టాదారుకు తిరిగి ఇప్పించే వీలు కూడా పెట్టింది. అయినా తెల్లకాగితాల మీద వేలిముద్రలు ఆగలేదు. పైగా చెల్లని అమ్మకం గనుక ధర కోసి కొన్నారు. నిషేధం కొన్నవాడికే బేరంగా మారిందన్నమాట!

2023లో చట్టాన్ని సవరించి, పట్టా ఇచ్చి ఇరవై ఏళ్ళు నిండితే అసలు పట్టాదారుగాని, వారసులుగాని అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఇలా ఆంక్షలు ఎత్తేసిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు దిగారు. పేదవాడికి అమ్ముకునే హక్కే వద్దని మేమనటం లేదు. పక్క రైతుకున్న హక్కు అతనికెందుకుండకూడదు? కాని ఆస్పత్రి ఖర్చుకో, పిల్ల పెళ్ళికో ఉరుకులు పెట్టి అమ్మేవాడికి ధర చెప్పే సత్తా ఎక్కడిది? రేపు ధర పెరుగుతుందని ముందే తెలిసినవాడు వారసుల్ని వెతుక్కుంటూ గుమ్మంలోకి వస్తాడు.

కొల్లేటిలో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. 1970ల్లో పేదల సొసైటీలకు చేపల చెరువుల కోసం సరస్సు భూమి ఇచ్చారు. చెరువు తవ్వాలన్నా, పిల్ల వెయ్యాలన్నా, మేత పొయ్యాలన్నా డబ్బు కావాలి. డబ్బున్నవాడు లీజుకొచ్చాడు. సభ్యుడు తన చెరువు గట్టు మీదే కాపలా కూలి అయ్యాడు. 1999లో అయిదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో గట్లు తెగ్గొట్టారు. లీజుదారు మరోచోట చెరువు చూసుకోగలడు. సొసైటీ సభ్యుడికి ఎక్కడికి పోతే తిండి?

ఇక్కడా అక్కడా లోటు ఒక్కటే, పెట్టుబడి. బీడు చెక్కలున్న నలుగురైదుగురు కలిసి ఉమ్మడి బోరు, కరెంటు కనెక్షను, బ్యాంకు అప్పు కోసం మండలాఫీసు మీదికి పోవాలి. అసైన్డ్ భూమిని బ్యాంకుకు తాకట్టు పెట్టడానికి 1977 చట్టం అడ్డు కాదు, ఆ మాట బ్యాంకు మేనేజరుకు గట్టిగా చెప్పండి. అప్పటికీ అమ్మక తప్పదంటారా, ముందు మీ సర్వే నెంబరు నిషేధిత జాబితాలో వుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. బయానా పుచ్చుకునే ముందు కాగితం సంఘంలో చదివించండి. ఖాళీ స్టాంపు కాగితం మీద మాత్రం ఎవరడిగినా వేలు పెట్టొద్దు.