పిలవని పేరంటం

కొత్తగా ఇల్లు కొనుక్కున్న ఒక గృహస్థు తాళం తీసి లోపల అడుగుపెట్టేసరికి, నడవలో ఎవరో అపరిచితులు చాప పరచుకొని కూర్చొని ఉన్నారనుకొందాం. "మీరెవరు?" అని ప్రశ్నిస్తే, "ఇల్లు అమ్మినవారు మమ్మల్ని ఇక్కడ ఉంచి వెళ్ళారు. మమ్మల్ని లేపే అధికారం మీకు లేదు" అని వారు బదులిచ్చారనుకొందాం. ఆ గృహస్థు సహించి ఊరుకుంటాడా? ఊరుకోడు. ఇంటి విషయంలో ఎవ్వరూ సహించని ఈ వింత, అరచేతిలో ఇమిడే ఫోను విషయంలో మాత్రం పదిహేనేళ్ళకు పైగా నిరాటంకంగా సాగుతూ వస్తున్నది. ఫోను కొన్నవారు కోరకుండానే అందులో చేరి, తొలగించబోతే తొలగని యాప్‌లే ఆ పిలవని పేరంటాలు. వాటిని తొలగించే హక్కు ఎవరిది అనే ప్రశ్న పైకి సాంకేతికంగా కనిపించినా, నిజానికి అది యాజమాన్యానికి సంబంధించిన ప్రశ్న.

ఈ కథ అమెరికాలో మొదలైంది. ఆండ్రాయిడ్ నిర్వహణ వ్యవస్థతో పనిచేసే తొలి ఫోను 2008 అక్టోబరులో అక్కడ విడుదలైంది. దానిని తయారుచేసినది తైవాన్‌కు చెందిన హెచ్‌టిసి. అమ్మినది మాత్రం టి-మొబైల్ అనే సెల్‌ఫోన్ సేవల సంస్థ. రెండేళ్ళపాటు తమ సేవలనే వాడుకుంటామని ఒప్పందం రాసిచ్చినవారికి అది 179 డాలర్లకు లభించింది. ఆనాడు అమెరికాలో ఫోన్ల విక్రయం చాలావరకు ఈ పద్ధతిలోనే జరిగేది. తయారీదారుకు అసలైన ఖాతాదారు సేవల సంస్థే కావడంతో, ఫోనులో ఏ యాప్‌లు ఉండాలో నిర్ణయించే అధికారం కూడా ఆ సంస్థ చేతికే చిక్కింది. 2010 జూన్‌లో స్ప్రింట్ సంస్థ అమ్మిన ఈవో 4జి ఫోనులో నాస్కార్ కారు పందేల యాప్ ముందుగానే కొలువుదీరి ఉండేది. జన్మలో ఒక్క కారు పందెమైనా చూడనివారు సైతం దానిని మోయవలసిందే. అదే సంవత్సరం వెరిజాన్ సంస్థ అమ్మిన శాంసంగ్ ఫాసినేట్ ఫోనులో, గూగుల్ రూపొందించిన ఆండ్రాయిడ్ ఉన్నప్పటికీ, వెతుకులాటకు మైక్రోసాఫ్ట్ వారి బింగ్‌ను బిగించి ఇచ్చారు. ఇటువంటి అనవసర సామగ్రికి వాడుకలో 'బ్లోట్‌వేర్' అని పేరు వచ్చింది. తెలుగులో 'ఉబ్బరం' అనవచ్చు. పొట్ట నిండినట్లుంటుంది, ఒంటికి పట్టేదేమీ ఉండదు.

ఈ యాప్‌లు ఎందుకు తొలగవు? ఫోనులోని నిల్వస్థలాన్ని కొన్ని భాగాలుగా విభజిస్తారు. మనం దించుకొన్న యాప్‌లు, మన ఛాయాచిత్రాలు ఒక భాగంలో ఉంటాయి. నిర్వహణ వ్యవస్థ, దానితోపాటు అమ్మకందారు చేర్చిన యాప్‌లు 'సిస్టమ్' అనే మరొక భాగంలో ఉంటాయి. ఈ రెండవ భాగాన్ని చదవడానికే తప్ప రాయడానికి వీలు లేకుండా బిగించి ఉంచుతారు. ఇందుకు సహేతుకమైన కారణం లేకపోలేదు. దురుద్దేశంతో రాసిన ప్రోగ్రాం ఏదైనా పొరపాటున ఫోనులో ప్రవేశించినా, వ్యవస్థ మూలాలను తాకలేకపోవాలన్నది దాని ఆశయం. కాబట్టి గోడ కట్టడం తప్పు కాదు. ఆ గోడ లోపల వ్యాపార ప్రకటనకు చోటిచ్చి, కొన్న మనిషిని వెలుపల నిలబెట్టడమే తప్పు.

యూనిక్స్ సంప్రదాయంలో సర్వాధికారాలు గల వినియోగదారుని 'రూట్' అని పిలుస్తారు. ఆండ్రాయిడ్‌కు ఆధారం లైనక్స్ కనుక, ఫోనుపై ఆ సర్వాధికారాన్ని సంపాదించడాన్ని 'రూట్ చేయడం' అన్నారు. తొలి ఫోను విడుదలైన మరుసటి నెలలోనే ఒక విచిత్రమైన లోపం బయటపడింది. కీబోర్డుపై టైపు చేసిన ప్రతి అక్షరమూ, తెర వెనుక రూట్ అధికారంతో నడుస్తున్న ఆజ్ఞల ప్రోగ్రాంకు కూడా చేరిపోతున్నది! ఒక వినియోగదారుడు సందేశంలో 'రీబూట్' అనే మాట టైపు చేయగానే, ఫోను నిజంగానే ఆగిపోయి తిరిగి మొదలైంది. గూగుల్ ఆ లోపాన్ని త్వరలోనే సరిచేసింది. అయితే అప్పటికే ఔత్సాహికులకు దారి దొరికింది. వారు సిస్టమ్ భాగాన్ని రాయడానికి అనువుగా మార్చి, అక్కరలేని యాప్ ఫైలును తొలగించడమో, దాని పేరు మార్చి పనిచేయకుండా చేయడమో నేర్చుకొన్నారు.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. సిస్టమ్ భాగంలోని యాప్‌ను తీసివేసినంత మాత్రాన మన యాప్‌లకు స్థలం పెరగదు. ఆ రెండు భాగాల నడుమ సరిహద్దు అలాగే ఉంటుంది. మరి వారంతా ఎందుకు శ్రమపడినట్లు? పిలవకుండానే మేల్కొని బ్యాటరీని, డేటాను తినివేసే ప్రోగ్రాంలను వదిలించుకోవడం ఒక కారణం. నా వస్తువులో ఏముండాలో నేనే నిర్ణయించుకోవాలన్న పట్టుదల అంతకంటే బలమైన కారణం.

సంస్థల వాదాన్ని కూడా వినడం న్యాయం. ఫోను అసలు ధరలో కొంత భాగాన్ని తామే భరించి తక్కువకు అమ్ముతున్నామనీ, యాప్‌ల ద్వారా వచ్చే ఆదాయం ఆ లోటును కొంత పూడుస్తుందనీ వారంటారు. సేవల సంస్థ చేర్చిన ప్రోగ్రాంలలో కొన్ని నిజంగా అవసరమైనవేననీ, తెలియక వాటిని తొలగిస్తే నష్టపోయేది వినియోగదారుడేననీ హెచ్చరిస్తారు. ఈ రెండవ మాటలో సత్యం ఉంది. సందేశాలను నిల్వచేసే వాయిస్ మెయిల్, వైఫై ద్వారా కాల్స్, విపత్తు హెచ్చరికలు, సిమ్ కార్డు సేవలు, నెట్‌వర్క్ అమరికలు – ఇటువంటివాటికి ఆధారమైన ప్రోగ్రాంలు కూడా అదే వరుసలో నిలబడి ఉంటాయి.

మొదటి మాట మాత్రం విచారణకు నిలవదు. మన ధర్మశాస్త్ర వ్యాఖ్యాతలు స్వత్వాన్ని గురించి ఎంతో సూక్ష్మంగా చర్చించారు. ఒక వస్తువును ఇష్టానుసారంగా వినియోగించుకొనే యోగ్యతయే స్వత్వమని వారిలో కొందరి నిర్వచనం. దానాన్ని నిర్వచిస్తూ, ఇచ్చేవాడు ముందు తన స్వత్వాన్ని వదులుకొంటేనే పుచ్చుకొనేవానికి స్వత్వం కలుగుతుందని చెప్పారు. ఉచితంగా ఇచ్చే దానానికే ఈ నియమం ఉన్నప్పుడు, వెల పుచ్చుకొని చేసే అమ్మకానికి ఉండవద్దా? ధర తీసుకొన్న తరువాత కూడా వస్తువులో ఒక మూలను తన వశంలోనే ఉంచుకొన్నవాడు అమ్మినవాడు కాడు, అద్దెకిచ్చినవాడు. అలాంటప్పుడు ఆ మాట ముందే చెప్పాలి. పోనీ, రెండేళ్ళ ఒప్పందం నడుస్తున్నంతకాలం ఏదో ఒక సమర్థన ఉన్నదనుకొందాం. ఒప్పందం ముగిసి, రుణమంతా తీరిన తరువాత కూడా ఆ కారు పందేల యాప్ కదలకుండా కూర్చోవడానికి ఏ న్యాయం అంగీకరిస్తుంది?

విషయం స్థలం, బ్యాటరీలతోనే ముగిసిపోయి ఉంటే ఇంతగా చర్చించవలసిన అవసరం ఉండేది కాదు. 2011 నవంబరులో ట్రెవర్ ఎక్‌హార్ట్ అనే యువ పరిశోధకుడు, అమెరికన్ ఫోన్లలో 'క్యారియర్ ఐక్యూ' అనే ప్రోగ్రాం వినియోగదారునికి కనిపించకుండా నడుస్తున్నదని బయటపెట్టాడు. నెట్‌వర్క్ నాణ్యతను కొలవడానికే దానిని ఉంచామని సంస్థలు చెప్పాయి. ఆ ప్రోగ్రాంను తయారుచేసిన కంపెనీ అతనిని చట్టపరమైన చర్యలతో బెదిరించింది. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే పౌరహక్కుల సంస్థ అతని పక్షాన నిలవగా, వెనక్కు తగ్గి క్షమాపణ చెప్పింది. నొక్కిన ప్రతి అక్షరాన్నీ అది తరలించుకుపోతున్నదన్న తొలి భయం, ఇతర నిపుణుల పరిశీలనలో చాలావరకు అతిశయోక్తి అని తేలిన మాట నిజమే. కాని తమ ఖాతాదారుల ఫోన్లలో 2 కోట్ల 60 లక్షలవాటిలో అది ఉన్నదని స్ప్రింట్ సంస్థ సెనేటర్ అల్ ఫ్రాంకెన్‌కు తెలిపినప్పుడు, అంతమందిలో ఎందరికి దాని పేరైనా తెలుసునన్న ప్రశ్న మిగిలిపోయింది. ఉన్నదని తెలియనిదానిని వద్దనడం ఎలా సాధ్యం?

ఇంతకంటే హృదయవిదారకమైన ఉదంతం 2020 జనవరిలో వెలుగుచూసింది. పేద కుటుంబాలకు టెలిఫోను సౌకర్యం అందించడానికి అమెరికా ప్రభుత్వం 1985 నుంచి లైఫ్‌లైన్ అనే పథకాన్ని నడుపుతున్నది. ఆ పథకం కింద 35 డాలర్లకు అందించిన ఒక ఫోనులో ముందుగానే హానికర ప్రోగ్రాంలు చేరి ఉన్నాయని మాల్‌వేర్‌బైట్స్ అనే భద్రతా సంస్థ ప్రకటించింది. అవి హానికరమని తాము భావించడం లేదని సేవల సంస్థ సమాధానమిచ్చింది. ఆ భద్రతా సంస్థ వేలెత్తి చూపిన రెండు ప్రోగ్రాంలలో ఒకటి సాక్షాత్తు ఫోను అమరికల ప్రోగ్రామే! దానిని తొలగిస్తే ఫోనే పనికిరాకుండా పోతుంది. వేయి డాలర్ల ఫోను కొనగలిగినవాడు ఉబ్బరం లేని ఫోనును ఏరుకోగలడు. సాంకేతిక విద్య తెలిసినవాడు రూట్ చేసి బయటపడగలడు. ధనమూ లేక, విద్యా లేని నిరుపేద ఏమి చేయాలి? ఆ ఫోను అతనికి ఉద్యోగావకాశాన్ని తెచ్చే దూత. ఆసుపత్రికి కబురందించే ఆధారం. పారవేయలేడు, బాగుచేసుకోలేడు. తొలగింపు హక్కు అసలు ఎవరికి కావాలో ఈ ఒక్క ఉదంతమే చెబుతున్నది.

అట్లని ప్రతి ఒక్కరూ నేడే తమ ఫోనును రూట్ చేయాలని ఈ వ్యాసకర్త చెప్పడం లేదు. చాలా ఫోన్లలో అందుకు ముందుగా 'బూట్‌లోడర్' తాళం తీయాలి. అలా తీసినప్పుడు అందులోని సమాచారమంతా సాధారణంగా చెరిగిపోతుంది. సిస్టమ్ భాగాన్ని మార్చిన ఫోనుకు భద్రతా నవీకరణలు మామూలు దారిలో అందకపోవచ్చు. బ్యాంకుల యాప్‌లు అనేకం రూట్ చేసిన ఫోనులో పనిచేయడానికి నిరాకరిస్తాయి. అన్నింటినీ మించి, సర్వాధికారం మన చేతికి వచ్చిన రోజే, మనలను మోసగించగల ప్రోగ్రాం చేతికి కూడా అది వెళ్ళే ప్రమాదం ఉంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడం వివేకం కాదు. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.0 నుంచి, ముందుగా ఉంచిన అనేక యాప్‌లను అమరికలలోనే నిలిపివేసే వీలు కలిగింది. ఫోనును కంప్యూటరుకు కలిపి, రూట్ అవసరం లేకుండానే, ఆ వినియోగదారుని మేరకు యాప్‌ను తప్పించే మార్గమూ ఉంది. ఫైలు మాత్రం సిస్టమ్ భాగంలో అలాగే ఉంటుంది. ఏదైనా మొదట నిలిపివేసి, కొన్నాళ్ళు గమనించి, దేనికీ లోటు రాలేదని నిశ్చయించుకొన్న తరువాతనే తొలగింపునకు పూనుకోవాలి. పేరు తెలియని ప్రోగ్రాం పని ఏమిటో ముందు తెలుసుకోవాలి. తోటలో కలుపు తీసేవాడికి మొదట పైరు ఏదో తెలిసి ఉండాలి.

చట్టం కూడా మెల్లమెల్లగా ఈ దిక్కుకు అడుగులు వేస్తున్నది. ఫోనులోని సాంకేతిక తాళాలను ఛేదించడం కాపీహక్కుల ఉల్లంఘన కాదని 2010లో అమెరికా మినహాయింపునిచ్చింది. 2015లో ఆ మినహాయింపులో, అక్కరలేని సాఫ్ట్‌వేర్‌ను తొలగించడం అనే ప్రయోజనాన్ని స్పష్టంగా చేర్చింది. ఐరోపా సమాఖ్య తన డిజిటల్ విపణుల చట్టం ద్వారా, వ్యవస్థ నడవడానికి అత్యవసరమైనవి తప్ప తక్కిన యాప్‌లను సులభంగా తొలగించనివ్వాలని గూగుల్, ఆపిల్ వంటి బృహత్సంస్థలను ఆదేశించింది. 2024 మార్చి నుంచి ఆ నియమం వారికి వర్తిస్తున్నది. మన దేశంలో ఫోనును సేవల సంస్థ నుంచి కాక విడిగా కొనడమే పరిపాటి. అందువల్ల ఇక్కడ చర్చ గూగుల్ యాప్‌ల చుట్టూ తిరిగింది. 2022 అక్టోబరులో భారత పోటీ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధిస్తూ, ముందుగా ఉంచిన యాప్‌ల తొలగింపును అడ్డుకోరాదని కూడా ఆదేశించింది. 2023 మార్చిలో జాతీయ కంపెనీ చట్ట అప్పీళ్ళ ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించింది గాని, తొలగింపునకు సంబంధించిన ఆదేశాన్ని కొట్టివేసింది. నిలిపివేసే వీలు ఉంటే చాలునా, తొలగించే హక్కు కావాలా అన్న వివాదం ఇంకా సజీవంగానే ఉన్నదని దీనివల్ల బోధపడుతుంది.

ఈ వ్యాసకర్త అభిప్రాయం స్పష్టం: తొలగించే హక్కే కావాలి. అత్యవసరమైనవి ఏవో, కానివి ఏవో అమ్మేవారే ముందుగా ప్రకటించాలి. కానివాటిని ఒక్క స్పర్శతో తొలగించే వీలు కల్పించాలి. నేర్పరికి మాత్రమే దక్కేదాన్ని హక్కు అనరు; అది కేవలం వెసులుబాటు. సామాన్యుడు రూట్ చేయవలసిన అగత్యం లేని రోజు వచ్చినప్పుడే ఆ వెసులుబాటు హక్కుగా మారుతుంది.

ఆ రోజు వచ్చేదాకా విద్యార్థులు చేయగల పని ఒకటున్నది. ఈ సాయంత్రం మీ ఇంటి ఫోనులోని యాప్‌ల జాబితాను మొదటినుంచి చివరిదాకా చదవండి. ప్రతిదాని ఎదుటా ఆగి, ఇది ఎవరు పిలిస్తే వచ్చింది, ఇక్కడ ఏమి చేస్తున్నది, ఏ అనుమతులు పుచ్చుకొన్నది అని ప్రశ్నించండి. మీ అమ్మమ్మ చేతిలోని ఫోనునూ అలాగే చదివి, ఆమెకు అర్థమయ్యేలా వివరించండి. తన ఇంట ఎవరున్నారో ఎరిగి ఉండడమే యాజమాన్యానికి తొలి మెట్టు.