ఇంటి లెక్కలు: నాన్నగారి డబ్బాలోని నాణెములు

కిందటి దీపావళి సెలవులలో కాజీపేటలోని మా పాత ఇల్లు ఖాళీ చేయుచుండగా అటక మీద ఒక బిస్కెట్ల డబ్బా దొరకినది. రైల్వేలో పనిచేసిన నాన్నగారు నలభై ఏండ్లుగా కూడబెట్టిన నాణెములు అందులో ఉన్నవి. లెక్కించగా 212 తేలినవి. కొన్నింటిని కాగితపు పొట్లములలో కట్టి, పైన తమ చేతివ్రాతతో సంవత్సరము వ్రాసినారు. ఒక పొట్లము మీద మాత్రము "1939 – చాలా అరుదు" అని ఎర్ర సిరాతో ఉన్నది.

ఆ ఎర్ర సిరాతోనే చిక్కు మొదలైనది. అన్నింటిని అమ్మి మూడు వాటాలు వేసికొందమని తమ్ముడు, ఒక్కటి కూడ గడప దాటరాదని అక్కయ్య. ఇంతలో ఎవరో తమ్మునికి ఫోను చేసి, రిజర్వు బ్యాంకు అనుమతితో పాత నాణెములను లక్షలకు కొనెదమనియు, ముందుగా కొంత కమీషను కట్టవలెననియు చెప్పినారు. ఇట్టి వ్యవహారములతో తనకు సంబంధము లేదనియు, తన పేరు చెప్పి రుసుము అడిగిన వారిని నమ్మవద్దనియు రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రజలను హెచ్చరించినది. ఆ మాట చెప్పి తమ్ముని ఆపితిమి. ఇంజనీరు గదా యని, డబ్బాను సూరత్‌కు తీసికొనిపోయి వేటిని గ్రేడింగుకు పంపవలెనో తేల్చు పనిని ఇద్దరును మాకే అప్పగించినారు.

గ్రేడింగు అనగా నిపుణులు నాణెము అసలైనదా కాదా అని పరిశీలించి, అరుగుదలను బట్టి 1 నుండి 70 వరకు ఒక అంకె నిర్ణయించి, తెరచుటకు వీలులేని ప్లాస్టిక్ పెట్టెలో అమర్చి ఇచ్చుట. ఈ కొలమానమునకు మూలము 1949లో అమెరికాలో విలియం షెల్డన్ ప్రతిపాదించినది. పేరున్న గ్రేడింగు సంస్థలు అక్కడనే 1980లలో పుట్టినవి.

సూరత్‌లో ఈ సంగతి అర్థమగుట కష్టము కాదు. మహిధర్‌పురాలో వజ్రముల వ్యాపారము చేయు మిత్రుని అడిగితిమి. చిన్న రాళ్లకు ఎవరును సర్టిఫికెట్ తీయించరనియు, ఆ ఖర్చు రాయి ధరనే మింగుననియు ఆయన చెప్పినారు. అమ్మువానికి, కొనువానికి మధ్య సందేహము ఖరీదైనప్పుడే సర్టిఫికెట్ పనికివచ్చును. దానినే మేము నాణెములకు సూత్రముగా పెట్టుకొంటిమి. సర్టిఫికెట్ వలన పెరుగు ధర, రుసుము, రవాణా, బీమాల మొత్తమునకు కనీసము రెండింతలు ఉండవలెను. ఆశించిన అంకె రాకపోవచ్చును గనుక ఆ రెండింతలు.

ఇక డబ్బా ముందు కూర్చుంటిమి. స్వతంత్ర భారతపు నాణెములు 131. వీటిలో 1957లో దశాంశ పద్ధతి వచ్చిన పిదప చెలామణిలో అరిగిన పైసలే ఎక్కువ. సంవత్సరము క్రింద చుక్క, వజ్రపు గుర్తు, నక్షత్రము చూచి నోయిడా, ముంబయి, హైదరాబాదు టంకశాలలను గుర్తించుట పిల్లలకు మంచి ఆట. గ్రేడింగుకు మాత్రము ఒక్కటియు తగదు.

హైదరాబాదు హాలీ సిక్కాలు, రాగి నాణెములు కలిపి 32. చార్మినారు బొమ్మ గల రూపాయిలో ద్వారము నడుమ ఉర్దూ అక్షరము చూడవలెను. 'మీమ్' ఉన్న మహబూబ్ అలీ ఖాన్ కాలపుది, 'ఐన్' ఉన్న ఉస్మాన్ అలీ ఖాన్ కాలపుది. మా వద్దనున్నవి అరిగినవి, మామూలు సంవత్సరములవి. ఇవియును పక్కకు పోయినవి.

బ్రిటిషు వారి వెండి రూపాయలు 46. 1835 నుండి ఈ రూపాయి తూకము 11.66 గ్రాములు, అందు పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండి. 1940 నుండి తూకము మార్చకయే వెండిని సగమునకు తగ్గించినారు. ఈ రెంటిని నీరు వేరుచేయును. ముందు గాలిలో తూచి, పిదప సన్నని దారముతో నీటిలో వ్రేలాడదీసి తూచవలెను. పాత రూపాయి సుమారు 1.13 గ్రాములు తగ్గును, అనగా సాంద్రత 10.3. సగము వెండి రూపాయి 1.22 గ్రాములు తగ్గును, సాంద్రత 9.5. వజ్రముల త్రాసుకు ఇది చిన్న పని. 46లో 19 సగము వెండివని తేలినవి. అన్నియు అరిగినవే గనుక వీటి వెల వెండి వెలకు దగ్గరగానే ఉండును.

మిగిలినవి మూడు. మొదటిది 1911 నాటి అయిదవ జార్జి రూపాయి. రాజు అంగీ మీది ఏనుగు పందివలె కనబడుచున్నదని జనులు అభ్యంతరము చెప్పగా ఆ రూపాయిని ఉపసంహరించి, 1912లో బొమ్మను సవరించినారు. నాణెము అసలైనదే. కాని అమ్మ ప్రతి దీపావళికి లక్ష్మీపూజ ముందు దానిని చింతపండు, విభూది పెట్టి తోమెడిది. తోమిన నాణెము మీద సన్నని గీతలు పడును. అట్టి దానికి అంకె ఇవ్వక, శుభ్రపరచబడినదని మాత్రమే వ్రాసి ఇత్తురు. కొక్కెము అతికి మెడలో వేసికొన్న నాణెముల గతియు ఇంతే.

రెండవది ఎర్ర సిరా పొట్లము. 1939 రూపాయి నిజముగనే అరుదు. అందుచేతనే నకిలీలు విస్తారము. నాన్నగారు దానిని ఏదో తిరునాళ్లలో కొన్నారని అక్కయ్యకు జ్ఞాపకము. గాలిలో 11.6 గ్రాములు తూగినది. నీటిలో 1.30 గ్రాములు తగ్గినది. సాంద్రత 8.9, అనగా రాగి. మూడుసార్లు తూచితిమి. లెక్క మారలేదు.

మూడవది నాన్నగారు మా ఇంటికి వచ్చినప్పుడు ఇక్కడనే కొన్న సూరత్ రూపాయి. షా ఆలం పేరిట, 46వ పాలనా సంవత్సరముతో ఉన్నది. ఆ చక్రవర్తి 1806లో గతించినను కంపెనీ వారు అదే సంవత్సరముతో చాలకాలము ముద్రించినారు. సూరత్ పేరున్నను కొన్ని బొంబాయి టంకశాలలో తయారైనవి. ఏది ఎక్కడిది, ఎప్పటిది అను సందేహము ఇక్కడ నిజముగా ధరను మార్చును. నిపుణునికి చూపదగినది 212లో ఇదొక్కటే.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టము ప్రకారము నూరేండ్లు నిండిన నాణెము పురావస్తువు. సొంతదారు దానిని దేశము దాటించుట నేరము. గ్రేడింగు ఏజెంటు రుసుము చెప్పుటకు ముందే, నాణెము ఏ ఊరికి పోవునో వ్రాతపూర్వకముగా అడిగి తెలిసికొనవలెను. మేము సూరత్ రూపాయిని ముంబయిలోని నిపుణునికి స్వయముగా తీసికొనిపోయి చూపుటకు నిశ్చయించితిమి.

1939 సంగతి ఫోనులో చెప్పుటకు మనసొప్పక, సంక్రాంతికి ఇంటికి పోయి ఇద్దరి యెదుట త్రాసు పెట్టి తూచి చూపితిమి. తమ్ముడు చాలసేపు మాట్లాడలేదు. పిదప, వెండి రూపాయలను మూడు భాగములు చేసిన చాలుననినాడు. అక్కయ్య ఎర్ర సిరా పొట్లమును తీసి, తన వాటాలో అది తప్పక ఉండవలెననినది. నాణెము నకిలీదని మరల చెప్పితిమి.

"వ్రాత నాన్నది కదా" అని పొట్లము కట్టివేసినది.

మీ ఇంటను ఇట్టి డబ్బా ఉన్నచో తోమవద్దు, అతుకవద్దు, ఫోనులో బేరమాడవద్దు. ఒక భూతద్దము, ఒక మంచి త్రాసు, గ్లాసెడు నీరు చాలును. పెద్దలు ఉండగానే డబ్బా తెరచి, ఏది ఎక్కడ కొన్నారో అడిగి వ్రాసికొనుడు. ఆ పని మేము చేయలేదు.